రెండు కునుకుల పాపను ఒంటిపూట నిద్రకు మార్చడం ఎలా

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి నలభై నిమిషాలు పాపను భుజాన వేసుకుని గదిలో తిరిగాను. నాకు వచ్చిన జోలపాటలన్నీ రెండేసి సార్లు అయిపోయాయి. ఊపిరి నెమ్మదించింది, ఇక పడుకున్నట్టే అనుకుని మంచం మీదికి వంగబోతుంటే తలెత్తి, గోడ మీద బల్లిని చూపించి "బయ్యి!" అంది. కళ్లలో నిద్ర ఛాయే లేదు. అప్పటికి దానికి 14వ నెల నడుస్తోంది. అలా మొరాయించిన పిల్ల సాయంత్రం ఐదుంపావుకి, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే, వాళ్ల నానమ్మ ఒళ్లో జోగి జోగి పడిపోయింది. ఆరున్నరకి లేచింది. రాత్రి పదకొండున్నర దాకా ఇల్లంతా పరుగులే.

వారం రోజులు ఇదే వరస. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే పిల్లకు మొండితనం వచ్చిందని అనుకోకండి. దిష్టి తగిలిందంటారా, తీస్తే తీయండి, నష్టమేం లేదు. నా అనుభవంలో మాత్రం అది రెండు కునుకుల వయసు దాటుతున్న గుర్తు.

ఇక్కడ నాలాగే చాలామంది పొరపాటు పడతారు. మధ్యాహ్నం పడుకోవడం లేదు కాబట్టి మధ్యాహ్నం నిద్ర మాన్పించేద్దాం అనుకుంటారు. పొద్దుటి కునుకు నుంచి 11కి లేచిన ఏడాది పిల్ల రాత్రి దాకా తొమ్మిది పది గంటలు మెలకువగా ఉండలేదు. పోవాల్సింది పొద్దుటి కునుకు. దాన్ని కూడా పుటుక్కున తెంపకుండా, పావుగంట పావుగంటగా జరుపుకుంటూ వెళ్లి మధ్యాహ్నం అన్నం తర్వాత నిలబెట్టాలి. కింద రాసిందంతా ఆ జరపడం గురించే. నాలుగైదు వారాల పని అది.

పిండి పొంగే లెక్క

నిద్రను రెండు విషయాలు కలిసి నడిపిస్తాయని జ్యూరిక్‌లో పనిచేసిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. నిద్ర మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కనే వాడతారు. ఒకటి, మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి. మెదడు పనిచేస్తున్నంతసేపూ అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, పడుకుంటే తగ్గుతుంది. రెండోది, వెలుతురును బట్టి తిరిగే ఒంటి గడియారం.

మొదటిది అచ్చం దోసెల పిండిలాంటిది. రుబ్బిన గంటకే చూస్తే పొంగదు. పట్టించుకోకుండా వదిలేస్తే పొంగి పొర్లి, పులిసి, పనికిరాకుండా పోతుంది. 6 నెలల బిడ్డకు రెండు రెండున్నర గంటలకే పొంగుతుంది. ఏడాది బిడ్డకు మూడున్నర, నాలుగు గంటలు కావాలి. ఏడాదిన్నరకు వచ్చేసరికి ఐదు, ఐదున్నర గంటలు. తొమ్మిదిన్నరకు పడుకుని పదకొండుకు లేచిన మా పాపకు మూడింటికి ఇంకా పొంగలేదన్నమాట. నేనేమో అట్టు పోద్దామని పెనం పెట్టుకుని కూర్చున్నాను.

పులిసిపోవడం కూడా గుర్తుపెట్టుకోండి. అలసట హద్దు దాటిన పిల్ల నీరసంగా ఏమీ కనిపించదు. మరీ హుషారుగా అరుస్తుంది, గిర్రున తిరుగుతుంది, గ్లాసు ఇవ్వలేదని నేల మీద పడి దొర్లుతుంది. పడుకున్నా అరగంటకే ఏడుస్తూ లేస్తుంది, తెల్లవారుజామున ఐదింటికి కళ్లు తెరుస్తుంది. "బాగా అలిసిపోతే మొద్దు నిద్ర పోతుంది" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఈ వయసులో ఆ మాట నమ్మి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

అడుగు 1: నిజంగా వేళైందా?

ఎక్కువమంది పిల్లలు 12 నుంచి 18 నెలల మధ్య ఒక నిద్రకు మారతారు. ఏడాది నిండకముందు ఈ పని పెట్టుకోవద్దు. పక్కింటి బాబు పదమూడో నెలలోనే మారాడని కంగారు అక్కర్లేదు, పదిహేడో నెలలో మారేవాళ్లూ బోలెడంత మంది.

వేళైందనడానికి గుర్తులు ఇలా ఉంటాయి. రెండో కునుక్కి అరగంట, ముప్పావుగంట పోరినా పడుకోకపోవడం. లేదా రెండూ పడుకుంటే రాత్రి పది దాటినా నిద్ర రాకపోవడం. లేదా పొద్దుటి కునుకే 20 నిమిషాల్లో తెగిపోవడం. కారులోనో ఎక్కడో ఒక కునుకు తప్పినా సాయంత్రం దాకా మామూలుగా ఆడుకుంటుంటే అది అన్నిటికంటే గట్టి గుర్తు.

దొంగ గుర్తులు కూడా ఉంటాయి. కొత్తగా నడక వచ్చినప్పుడు పిల్లలకు పడుకోవడం దండగ అనిపిస్తుంది. 13 నుంచి 19 నెలల మధ్య మొదటి దవడ పళ్లు వస్తాయి, ఆ రోజుల్లో నిద్ర చెడుతుంది. జలుబు, అమ్మమ్మ ఊరు వెళ్లి రావడం, అమ్మ మళ్లీ ఆఫీసుకు వెళ్లడం, ఇవన్నీ పది రోజుల గొడవలు. అందుకే గుర్తులు కనిపించాక రెండు వారాలు ఆగి చూడండి. తర్వాత కూడా అలాగే ఉంటే మొదలుపెట్టండి.

ఆ రెండు వారాలూ రాసి పెట్టుకోండి. దీనికి యాప్ ఏమీ అక్కర్లేదు. మా ఇంట్లో వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క రాసే గడిలోనే, కింద పెన్సిల్‌తో పడుకున్న టైము, లేచిన టైము రాసేదాన్ని. పదో రోజు వెనక్కి చూసుకుంటే, రెండో కునుకు ఏడు రోజులు లేదు, ఉన్న మూడు రోజులూ రాత్రి పదిన్నర దాటింది. నాకు రోజూ లీలగా అనిపిస్తున్నది అక్కడ అంకెల్లో కనబడింది. అత్తయ్యకు చూపించడానికీ పనికొచ్చింది.

మొత్తం నిద్ర కూడా కూడుకోండి. 1 నుంచి 2 ఏళ్ల పిల్లలకు రాత్రీ పగలూ కలిపి 11 నుంచి 14 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన అంకె కూడా అదే. ఒక కునుకు తగ్గినా ఈ మొత్తం పెద్దగా తగ్గకూడదు. గంటంబావు చొప్పున రెండు కునుకులు వేసే పిల్ల చివరికి రెండు, రెండుంబావు గంటలు ఒకేసారి పడుకోవాలి. కాస్త తక్కువ పడితే రాత్రి నిద్రలో కలుస్తుంది.

అడుగు 2: పొద్దున లేచే టైము కట్టేయండి

ఇది చిన్న అడుగు, కానీ దీన్ని వదిలేస్తే మిగతావేవీ నిలవవు. వారం పాటు రోజూ ఒకే సమయానికి, మా ఇంట్లో 7 గంటలకు, పిల్లను లేపండి. రాత్రి ఆలస్యంగా పడుకుంది పాపం, పడుకోనిద్దాం అంటే ఆ రోజంతా జారిపోతుంది. లేచిన అరగంటలో బాల్కనీలోకో వాకిట్లోకో తీసుకెళ్లండి. ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చోబెట్టినా చాలు. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంటి గడియారం ఆ రోజుకు కీ ఇచ్చుకుంటుంది.

ఇంకో మాట. రాత్రి 7కి పడుకోబెట్టాలని ఇంగ్లీషు పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ చెబుతారు. మన ఇళ్లలో ఏడింటికి పప్పులో తిరగమోతే పడదు. మీ ఇంటికి ఎనిమిదిన్నర కుదిరితే ఎనిమిదిన్నరే పెట్టుకోండి, తొమ్మిదైనా ఫరవాలేదు. రోజూ అదే సమయం ఉండటం ముఖ్యం. రాత్రి పదిన్నర, పదకొండు మాత్రం ఏ లెక్కలోనూ ఇమడదు.

అడుగు 3: స్నానం జరపండి

ఇది ఏ వీడియోలోనూ నాకు దొరకలేదు. మా ఇంట్లో అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

పాపకు నీళ్లు పోయడం పుట్టినప్పటి నుంచీ అత్తయ్య పని. పొద్దున తొమ్మిదింటికి కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద వేసుకుని, నువ్వుల నూనె మర్దనా, సున్నిపిండి, ఆపైన గోరువెచ్చని నీళ్లు. తుడిచి, బట్టలు వేసేసరికి పిల్ల కళ్లు వాలిపోతాయి. తొమ్మిదిన్నరకి ఉయ్యాల్లో ఉంటుంది. వేడినీళ్ల తర్వాత ఒళ్లు నెమ్మదిగా చల్లబడుతుంది, అలా చల్లబడటం నిద్రను పిలుస్తుంది. ఏడాదిగా ఆ స్నానమే దానికి పడుకోమన్న సైగ. నేనేమో స్నానం తొమ్మిదికే ఉంచి నిద్ర మాత్రం పదింటికి జరుపుదామని మూడు రోజులు కుస్తీ పట్టాను. జరిగితేగా!

"అత్తయ్యా, నీళ్లు పదకొండింటికి పోద్దామండీ" అన్నాను. "ఎండెక్కాక పసిదానికి నీళ్లేమిటమ్మాయ్, జలుబు చేస్తుంది" అన్నారు. క్యాలెండర్ గడులు చూపించాను. పదకొండున్నర దాకా పిల్లతో మేలుకుంటున్నది ఆవిడ కూడా కాబట్టి, చివరికి "సరే, పదింటికి పోస్తాను, చూద్దాం" అన్నారు. పదింటికి పోశారు. పదిన్నరకి నిద్ర. ఒక్క రోజులో గంట జరిగింది! తర్వాత పదింపావు, పదిన్నర, అలా వారానికి కాస్త చొప్పున పదకొండుంబావు దాకా వచ్చింది. ఆ వేళకు ఎండ ఉంటుంది కాబట్టి జలుబు బదులు వెచ్చదనమే దొరికిందని ఇప్పుడు ఆవిడే అందరికీ చెబుతారు.

మీ ఇంట్లో స్నానం సాయంత్రమైతే ఈ చిక్కు లేదు. అప్పుడు మీ పిల్లకు పొద్దున నిద్రను పిలిచేది ఏమిటో వెతకండి. పాల సీసానో, ఉయ్యాలో, అన్నను స్కూలుకు దింపే కారు ప్రయాణమో అయి ఉంటుంది. ముందు దాన్ని జరపండి. అన్నట్టు, సాంబ్రాణి పొగ మాత్రం పిల్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు. దాన్ని జరపక్కర్లేదు, మానేయండి.

అడుగు 4: పావుగంట చొప్పున

ప్రతి మూడు రోజులకూ 15 లేదా 20 నిమిషాలు. 9:30 నుంచి 12:30కి చేరాలంటే 180 నిమిషాలు. 20 చొప్పున అయితే తొమ్మిది మార్పులు, 27 రోజులు. 15 చొప్పున అయితే పన్నెండు మార్పులు, 36 రోజులు. మాకు మొదటి గంట స్నానంతో ఒక్కసారే జరిగినా, తర్వాత వారం అక్కడే ఆగాల్సి వచ్చింది, కాబట్టి మొత్తం లెక్క నెల దాటింది.

మొదట్లో పదకొండు దాకా సులువుగానే వస్తుంది. ఆ తర్వాత ఒక గండం ఉంది. పదకొండు, పదకొండున్నర మధ్య పిల్లకు నిద్రా వస్తుంది, ఆకలీ వేస్తుంది, రెండూ కలిసి ఒకటే ఏడుపు. ఒకరోజు మా పాప పెరుగన్నం ముద్ద బుగ్గన పెట్టుకునే కుర్చీలో తల వాల్చేసింది. ముద్ద వేలితో తీసి, మూతి తుడిచి పడుకోబెట్టాను. ముప్పావుగంటకే ఆకలితో లేచింది.

గండం దాటడానికి వంట ముందుకు జరగాలి. టిఫిన్ ఎనిమిదిలోపు, పదింటికి అరటిపండో సపోటానో, పదకొండుకల్లా అన్నం. ఇంట్లో అందరి వంటా అప్పటికి కాకపోతే పిల్ల వరకు చిన్న కుక్కర్‌లో పెసరపప్పు, బియ్యం కలిపి పెట్టేయండి. నెయ్యి వేసి మెత్తగా కలిపితే నిద్ర మత్తులోనూ తింటారు. నిద్ర వేళ ఇంకా ఆలస్యమైనకొద్దీ అన్నం కూడా పదకొండుంబావు, పదకొండున్నర అవుతుంది. అన్నానికీ పక్కకీ మధ్య ఇరవై నిమిషాలు చాలు.

ఆ గంటసేపు పిల్లను మేలుకొలిపి ఉంచడానికి ఫోన్ చేతికి ఇవ్వకండి. ఏడాది పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అంది. మన పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు బంధువులతో వీడియో కాల్ తప్ప ఏదీ వద్దంటుంది. మా ఇంట్లో పనిచేసింది నీళ్లు. వెడల్పాటి బేసిన్‌లో నాలుగు అంగుళాల నీళ్లు, ఒక చెంబు, రెండు స్టీలు గ్లాసులు, పక్కన కదలకుండా నేను. అరగంట ఇట్టే పోతుంది. గింజలు ఒలవడం, బట్టలు మడవడం లాంటి కూర్చుని చేసే ఆటలు ఆ వేళ వద్దు, మత్తు పెరుగుతుంది. కారు, ఆటో అసలే వద్దు. పది నిమిషాల కునుకు పడినా నిద్ర ఒత్తిడి దిగిపోతుంది, తర్వాత గంటన్నర దాకా పడుకోరు.

కొందరికి ఇంకో దారి

ఎంత జరిపినా పదింటికే వాలిపోయే పిల్లలు ఉంటారు. వాళ్లకు పొద్దుటి కునుకు జరపకుండా కత్తిరించండి. మొదటి నాలుగు రోజులు 45 నిమిషాలకు లేపేయండి, తర్వాత నాలుగు రోజులు 30, ఆపైన 15. పొద్దుటిది తగ్గినకొద్దీ మధ్యాహ్నం నిద్ర 12:30, 1 గంట వైపు తనంతట తనే వెనక్కి వస్తుంది. నిద్రపోతున్న పిల్లను లేపడానికి చేతులు రావు, నిజమే. కర్టెన్ తీసి, ఫ్యాన్ తగ్గించి, వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త గట్టిగా చేస్తే తనే లేస్తుంది. క్రెష్‌లో వేసే పిల్లలకు ఈ పద్ధతి ఎక్కువ కుదురుతుంది. నాకు మాత్రం జరపడమే మేలనిపించింది. లేపిన పిల్ల అరగంట చిరాకుగా ఉండటం నేను భరించలేను.

అడుగు 5: మధ్యాహ్నం ఆ ఒక్క నిద్రను కాపాడుకోవడం

మొదటి రెండు వారాల్లో ముప్పావుగంటకే లేవడం మామూలు. ఈ వయసులో ఒక నిద్ర చుట్టు సుమారు 45 నుంచి 60 నిమిషాలు. చుట్టు మారేటప్పుడు కదులుతారు, మూలుగుతారు, కళ్లు కూడా తెరుస్తారు. గబుక్కున ఎత్తుకోకండి. ఐదు పది నిమిషాలు ఆగండి. ఏడుపు పెరిగితే పక్కన పడుకుని వీపు మీద జోకొట్టండి, పాలు తాగే పిల్లైతే పాలివ్వండి. మాకు అలా కలిపి అతికించిన నిద్ర, మూడో వారానికి తనే అతుక్కుంది.

ఇప్పటిదాకా పొద్దున తొమ్మిదిన్నరకి పడుకునేటప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. పన్నెండున్నరకు కాదు. కుక్కర్ కూతలు, కొరియర్ అబ్బాయి బెల్లు, పాత సామాన్ల బండి మైకు, పక్కింటి టీవీ. గదికి దళసరి కర్టెన్ వేయండి, పాత దుప్పటి పిన్నీసులతో కట్టినా సరిపోతుంది. టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెడితే ఆ హోరులో చిన్న చప్పుళ్లు కలిసిపోతాయి. బెల్లు స్విచ్ ఆపేసి తలుపు మీద కాగితం అంటించండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే కరెంటు పోతే నిద్రా పోతుంది. చార్జింగ్ ఫ్యాన్ ఉంటే నింపి ఉంచండి, పల్చటి నూలు చొక్కా ఒక్కటి చాలు.

చీర ఉయ్యాల గురించి గట్టిగానే చెబుతాను. లేచి నిలబడే వయసు పిల్లను అందులో వదిలి వంటింట్లోకి వెళ్లకండి. అందులోనే నిలబడి కిందపడవచ్చు, మెడకు చీర చుట్టుకోవచ్చు. ఈ మార్పు చేసే నెలే పిల్లను ఉయ్యాల నుంచి నేల మీది పరుపుకు మార్చడానికి మంచి అదను. మేము రెండు రోజులు పరుపు పక్కన కూర్చుని ఉయ్యాల ఊపిన వరసలోనే వీపు మీద తట్టాం. మూడో రోజుకి అలవాటు పడింది.

ఎంతసేపు పడుకున్నా సరే, మూడింటికల్లా లేపేయండి. అక్కడి నుంచి రాత్రి నిద్రకు ఐదున్నర గంటలైనా ఉండాలి.

అడుగు 6: సాయంత్రం

మధ్యలో రెండు మూడు వారాలు ఇలా ఉంటుంది. పదకొండుంబావుకి పడుకుని ఒంటిగంటకు లేస్తుంది, రాత్రి నిద్రకు ఇంకా ఏడున్నర గంటలుంది. దీన్ని రెండు రకాలుగా పూడ్చవచ్చు. మూడున్నర, నాలుగు మధ్య పావుగంట కునుకు వేయించండి. ఇరవై నిమిషాలు దాటనివ్వద్దు, నాలుగున్నర తర్వాత అసలే వద్దు. లేదంటే రాత్రి నిద్రను గంట ముందుకు తీసుకురండి. మా ఇంట్లో మూడు వారాలు ఏడున్నరకే పడుకోబెట్టాం.

సాయంత్రం ఐదు, ఏడు మధ్య పిల్ల ఎక్కడ కూర్చుంటే అక్కడ తూగుతుంది. ఆ వేళ పడే కునుకే మొదట్లో మా రాత్రులను మింగేసింది. ఇక్కడ అత్తయ్య నాకంటే గట్టిగా నిలబడ్డారు. "అసురసంధ్య వేళ పడుకోకూడదే తల్లీ" అంటూ ఎత్తుకుని డాబా మీదికి తీసుకెళ్లేవారు. అడినోసిన్ అన్నా అసురసంధ్య అన్నా నాకు కావాల్సింది ఒకటే కాబట్టి నేను నోరు మెదపలేదు. డాబా లేకపోతే అపార్ట్‌మెంట్ కింద పిల్లలు సైకిళ్లు తొక్కే చోటుకో, వీధి చివర కూరగాయల బండి దాకానో తీసుకెళ్లండి. ఇంట్లో ఒళ్లో మాత్రం కూర్చోబెట్టుకోకండి.

నాన్న తొమ్మిదింటికి ఇంటికి వస్తాడు, పిల్ల మొహం చూడకపోతే ఎలా అంటారు. మా ఆయన మూడు రోజులు మూతి ముడుచుకున్నారు. తర్వాత పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా పాపను చూసుకోవడం, టిఫిన్ పెట్టడం ఆయన వాటా అయింది. ఇడ్లీ ముక్కలు సగం కుక్కకు వేస్తారు, అది వేరే సంగతి.

అన్నీ కుదిరాక మా రోజు ఇలా తేలింది:

7:00 లేవడం, పాలు
8:00 టిఫిన్
10:00 పండు, నీళ్ల ఆట
11:15 స్నానం
11:45 పప్పన్నం లేదా పెరుగన్నం
12:30 నిద్ర
2:45 లేవడం, పాలు
4:00 రాగి జావ లేదా ఏదైనా చిరుతిండి
5:00 నుంచి 6:30 బయట
7:30 రాత్రి అన్నం
8:30 నిద్ర

ఇంట్లో పెద్ద పిల్ల ఉండి స్కూలు బస్సు మూడింటికి వస్తే, మొత్తాన్ని పావుగంట, అరగంట ముందుకు లాగుకోండి. బస్సు హారన్‌కు లేచిన పిల్ల సాయంత్రమంతా ఏడుస్తుంది.

వెనక్కి జారితే

ఈ నెలంతా ఒక రోజు ఒకటి, ఒక రోజు రెండు అన్నట్టు సాగుతుంది. పొద్దున ఐదున్నరకే లేచిన రోజు రెండు కునుకులు వేయించండి, తప్పేం లేదు. జ్వరం వచ్చినా అంతే. సరిగ్గా ఈ వయసులోనే టీకాలు కూడా పడతాయి. ప్రభుత్వ టీకాల పట్టికలో 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్, మీజిల్స్ రుబెల్లా రెండో డోసు ఉన్నాయి. సూది పడిన రోజూ, మర్నాడూ ఎంత పడుకుంటే అంత పడుకోనివ్వండి. వీలైతే టీకా తేదీ చూసుకుని ఆ వారం తర్వాతే మార్పు మొదలుపెట్టండి.

పెళ్లికి ఊరెళ్తున్నారా? ఆ మూడు రోజులు పద్ధతి గాలికి వదిలేయండి. తిరిగొచ్చాక రెండు మెట్లు వెనక నుంచి ఎక్కండి.

తెల్లవారుజామున ఐదింటికి లేవడం మొదలైతే చాలావరకు పులిసిన పిండి లెక్కే. రాత్రి ఇంకాస్త ముందుగా పడుకోబెట్టి చూడండి. ఆలస్యంగా పడుకోబెడితే ఆలస్యంగా లేస్తుందన్న ఆశ ఈ వయసులో ఫలించడం తక్కువ. వారం దాటినా అలాగే ఉంటే, జరపడంలో తొందరపడ్డారేమో చూసుకోండి. అరగంట వెనక్కి వెళ్లి వారం అక్కడే ఉండండి.

క్రెష్‌లో ఉంటే

చాలా క్రెష్‌ల్లో ఏడాదిన్నర పిల్లలందరినీ అన్నాలయ్యాక ఒకేసారి పడుకోబెడతారు. మీరు ఇంట్లో పదిన్నర దగ్గర ఉన్నప్పుడు అక్కడ పన్నెండున్నర ఉంటే పిల్ల నలిగిపోతుంది. చేర్పించే ముందే అడగండి. వీలైతే మూల పరుపు మీద పొద్దున ఇరవై నిమిషాలు పడుకోనివ్వమనండి. ఇవ్వకపోయినా మరీ బెంగపడక్కర్లేదు. పక్కన పదిమంది పడుకుంటే ఇంట్లో పడుకోని పిల్లలు అక్కడ పడుకుంటారు, ఆశ్చర్యంగా. ఆ రోజుల్లో ఇంటికొచ్చాక ఏడున్నరకే రాత్రి నిద్ర. శని, ఆదివారాలు ఇంట్లో కూడా క్రెష్ టైమే పాటించండి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకు ఇదే గొడవ, పైగా మార్చి, నవంబరుల్లో గడియారం గంట మార్చడం ఒకటి. ఆ వారాల్లో మార్పు మొదలుపెట్టకుండా ఆగింది. వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుతురే కాబట్టి కిటికీలకు నల్ల కర్టెన్లు వేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

రోజూ గురక పెడుతూ, నోటితో ఊపిరి తీస్తుంటే, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకండి. రాత్రంతా కాళ్లు కొట్టుకుంటూ పొర్లుతూ, పిల్ల పాలిపోయి కనిపిస్తే రక్తంలో ఐరన్ చూడమని అడగండి. ఐరన్ తక్కువైనా నిద్ర చెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత తేలింది, కాబట్టి మన పిల్లకెందుకు ఉంటుందిలే అనుకోవద్దు. రాత్రీ పగలూ కలిపి పది గంటలు కూడా నిద్ర పట్టకుండా వారాలు గడిచినా చూపించండి.

నిద్ర కోసం జలుబు మందు ఒక మూత పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఎంత చిన్న మోతాదైనా వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మీ మందుల డబ్బాలో పాత సీసా ఉంటే తీసి పారేయండి.

ఒంటిపూట నిద్రకు వచ్చాక మీకు పొద్దున దొరికే ఆ గంటన్నర ఖాళీ పోతుంది. స్నానం, కాఫీ, ఫోన్ కాల్ అన్నీ ఆ గంటన్నరలోనే అయ్యేవి నాకు. మొదటి వారం పదిన్నరకి కాఫీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ల బేసిన్ దగ్గర పాప జబ్బ పట్టుకుని కూర్చున్నాను. కాఫీలో రెండుసార్లు నీళ్లు పడ్డాయి. ఇప్పుడు కాఫీ పన్నెండూ నలభైకి తాగుతున్నాను, వేడిగా.